మీ ఫోన్, మీ ప్రశ్న: ఏఐ ఫోన్లకి మన ఒడియా కాగితం చదవడం వచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే సంగతి. పండక్కి ఫోన్ కొందామని షాపుకి వెళ్తే ప్రతి డబ్బా మీదా ఏఐ అని రాసి ఉంది, ఏది తీసుకోవాలో తెలియడం లేదు అని. నేనూ దక్షిణ ఒడిశాలోని ఈ జిల్లాల్లోనే పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ కలిపి మాట్లాడే మనలాంటి వాళ్ళకి ఈ ఫోన్లు ఎంతవరకు పనికొస్తాయి అన్నదే చూసి జవాబులు రాశాను.

ప్రశ్న: మాది పట్టుచీరల దుకాణం. మూడేళ్ళ కిందట 14 వేలకి కొన్న ఫోన్‌తోనే చీరల ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతుంటాం. మా అబ్బాయి 80 వేల ఫోన్ కొనమంటున్నాడు. అందులో ఏఐ ఉందట, ఫోటోలో వెనకాల ఉన్న సామాను తీసేస్తుందట. అంత డబ్బు పెట్టాలా సార్?
— ఒక దుకాణదారు, బరంపురం

ఆ ఒక్క పనికైతే అక్కర్లేదండి. ఫోటోలో అడ్డం వచ్చినవాటిని తుడిచేసే మ్యాజిక్ ఎరేజర్‌ని గూగుల్ 2021లో పిక్సెల్ 6 ఫోన్‌తో తెచ్చింది, అప్పుడు అది ఆ ఫోన్ కొన్నవాళ్ళకే. తర్వాత శాంసంగ్, వన్‌ప్లస్, షావోమీ, ఒప్పో అందరూ తమ తమ పేర్లతో అలాంటిదే పెట్టేసరికి దాన్ని దాచుకుని లాభం లేకపోయింది. 2024 మే 15 నుంచి గూగుల్ ఫోటోస్ యాప్ వాడే అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆండ్రాయిడ్ 8, 3 జీబీ ర్యామ్ ఉంటే చాలన్నారు, మీ 14 వేల ఫోన్‌లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఇంకాస్త పెద్ద మార్పులు చేసే మ్యాజిక్ ఎడిటర్ కూడా ఇచ్చారు కానీ, ఉచితంగా వాడేవాళ్ళు నెలకి 10 ఫోటోలే సేవ్ చేసుకోవచ్చు అని లెక్క పెట్టారు. ఫోటో తెరిచి ఎడిట్ నొక్కి చూడండి, ముందు అది వాడాక మిగతా ఆలోచన.

అయితే చీరల వ్యాపారం కాబట్టి మీకు ఇంకో మాట గట్టిగా చెప్పాలి. వెనకాల గోడ, కుర్చీ, క్యాలెండర్ తుడిచేయండి, ఎవరికీ నష్టం లేదు. చీర మీదకి మాత్రం ఏఐని రానివ్వకండి. అది తుడిచిన చోట ఏముండేదో దానికి తెలియదు, అంతకుముందు చూసిన కోట్ల ఫోటోలని బట్టి ఇక్కడ ఇలాంటిది ఉండొచ్చు అని ఊహించి నింపుతుంది. మన బరంపురం పట్టుకి పేరే ఫోడా కుంభం అంచుది కదా, గుడి గోపురాల్లా వరసగా లేచే ఆ కుంభాలు, వాటిని మగ్గం మీద లెక్కపెట్టి మరీ నేస్తారు. చీర మడతలో ఒక చెయ్యో హ్యాంగరో అడ్డం వచ్చిందని తుడిస్తే, అక్కడ ఏఐ వేసే కుంభం కంచి అంచులాగా రావచ్చు, ఇంకెక్కడి డిజైన్‌లాగానో రావచ్చు, చిన్న తెరమీద మీకు తేడా కనపడదు. విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో డబ్బు కట్టి చీర తెప్పించుకున్న ఆవిడకి మాత్రం చేతిలోకి రాగానే కనపడుతుంది. భౌగోళిక గుర్తింపు ఉన్న చీర అది, ఫోటోలో ఉన్న చీర, పార్సిల్‌లో వచ్చిన చీర ఒకటిగా లేకపోతే మాట పడేది మీరొక్కరే కాదు, నేసినాయన కూడా.

రంగు విషయంలోనూ అంతే. ఫోటో అందంగా చేయి అని ఒక్క నొక్కు నొక్కితే మెరూన్ ఎరుపైపోతుంది. దానికి బదులు పొద్దున్న తొమ్మిదీ పదీ మధ్య గుమ్మం దగ్గర నీడలో తీయండి, ఏ ఫోన్‌తో తీసినా రంగు సరిగ్గా వస్తుంది. అబ్బాయికి కొత్త ఫోన్ మీద సరదా ఉంటే అది వేరే సంగతి, వయసు అలాంటిది, కానీ దుకాణం ఖర్చులో రాయకండి.

ప్రశ్న: ఆపిల్, శాంసంగ్, గూగుల్... ఏఐలో ఎవరు ముందున్నారు? స్నేహితుల మధ్య రోజూ ఇదే వాదన.
— డిగ్రీ విద్యార్థి, జయపురం

తారీఖుల ప్రకారం చెబుతాను, వాదన మీరు తేల్చుకోండి. 2023 డిసెంబర్‌లో గూగుల్ ఫోన్‌లోనే నడిచే తన చిన్న ఏఐ జెమిని నానోని పిక్సెల్ 8 ప్రోలో పెట్టింది. 2024 జనవరి 17న శాంసంగ్ ఎస్24 విడుదల చేసి దానికి గెలాక్సీ ఏఐ అని పేరు పెట్టింది. ఫోన్ మాట్లాడుతుండగానే అనువాదం, తెరమీద దేని చుట్టూనైనా వేలితో గీత గీస్తే వెతికిపెట్టడం, ఇవి జనం నోట పడ్డాయి. ఆ రెండోది నిజానికి గూగుల్‌ది, ఇద్దరూ కలిసే తెచ్చారు. ఆపిల్ 2024 జూన్‌లో ఆపిల్ ఇంటెలిజెన్స్ అని ప్రకటించి, అక్టోబర్‌లో ఐఓఎస్ 18.1తో ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ అమెరికా ఇంగ్లీషులో. మన దేశపు ఇంగ్లీషు కలిసింది 2025 మార్చి ఆఖరులో వచ్చిన 18.4తో.

ఇక్కడ నాకు నిజంగా కోపం తెప్పించిన సంగతి ఒకటుంది. 2023 సెప్టెంబర్‌లో మామూలు ఐఫోన్ 15ని మన దేశంలో 79,900 రూపాయలకి అమ్మారు. ఏడాది తిరగకుండానే ప్రకటించిన ఆపిల్ ఇంటెలిజెన్స్ ఆ ఫోన్‌కి రాదన్నారు, 15 ప్రో నుంచే అన్నారు. అప్పు చేసి, వాయిదాల్లో కొన్నవాళ్ళకి వాయిదాలు తీరకముందే ఫోన్ పాతదైపోయింది. అంతేకాదు, మన ఫోన్‌లో ఉన్న విషయాలన్నీ అర్థం చేసుకుని పనులు చేసిపెట్టే కొత్త సిరి అని ప్రకటనల్లో చూపించి, 2025 మార్చిలో దానికి ఇంకా సమయం పడుతుందన్నారు. ఆ జనవరిలోనే వార్తల నోటిఫికేషన్లని కుదించి చెప్పే సౌకర్యం, బీబీసీ పేరు మీద జరగని వార్తలు చూపించిందని ఫిర్యాదు వస్తే, తాత్కాలికంగా ఆపేశారు.

పోటీ ఎంత వేగంగా ఉందంటే తయారుకానిది కూడా ముందే చెప్పేస్తున్నారు. అందుకే షాపులో ఫోన్ చేతిలోకి తీసుకుని, మీకు కావలసిన పని మీ భాషలో అప్పటికప్పుడు చేయించి చూసుకోండి. తర్వాత అప్‌డేట్‌లో వస్తుంది అని సేల్స్ కుర్రాడు చెప్పినదానికి డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: నాకు తెలుగు చదవడం వచ్చు. ఒడియా బాగానే మాట్లాడతాను కానీ అక్షరాలు రావు. మా అత్తగారి పేరున ఉన్న భూమి కాగితాలు, పాప బడి నుంచి వచ్చే నోటీసులు అన్నీ ఒడియాలోనే. ప్రతిదానికీ పక్కింటి వాళ్ళని అడగడం సిగ్గుగా ఉంటోంది. ఏ కంపెనీ ఫోన్ కొంటే ఒడియా కాగితం ఫోటో తీయగానే తెలుగులో చెబుతుంది అన్నయ్యగారూ?
— ఒక గృహిణి, పర్లాకిమిడి

అమ్మా, నాకు వచ్చిన ఉత్తరాలన్నింటిలో ఇదే ముఖ్యమైనది, అందుకే కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను.

ముందు చేదు సంగతి. మీ ప్రశ్నకి సరిపడే ఫోన్ అంటూ ఏ కంపెనీ తయారుచేయలేదు. శాంసంగ్ ఎస్24 వచ్చినప్పుడు కాల్‌లో అనువాదానికి 13 భాషలు ఇచ్చారు, అందులో మన దేశానిది హిందీ ఒక్కటే. గూగుల్ 2017 ఆగస్టులో మాటతో టైప్ చేసే సౌకర్యాన్ని బెంగాలీ, గుజరాతీ, కన్నడ, మలయాళం, మరాఠీ, తమిళం, తెలుగు, ఉర్దూ అని ఎనిమిది భాషలకి పెంచింది. ఏడేళ్ళు గడిచాక 2024 జూన్‌లో జెమిని యాప్ మన దేశానికి వచ్చినప్పుడు ఏ భాషలిచ్చారో చూస్తే, హిందీతో పాటు మళ్ళీ సరిగ్గా ఆ ఎనిమిదే. అదే ఏడాది అక్టోబర్‌లో జెమినితో నోటితో మాట్లాడుకునే లైవ్ అన్నది ప్రకటించినప్పుడూ అవే తొమ్మిది. మూడుసార్లూ తెలుగు ఉంది, మూడుసార్లూ ఒడియా లేదు. గూగుల్ అనువాదంలో తెలుగు 2011లో చేరితే ఒడియా చేరింది 2020 ఫిబ్రవరిలో.

మన భాష ఉంది కదా, మనకేం బాధ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2011 జనాభా లెక్కల్లో ఒడియా మాతృభాషగా ఉన్నవాళ్ళు 3 కోట్ల 75 లక్షలు. మనం వాళ్ళ మధ్య బతుకుతున్నాం, మన పిల్లలు చదివేది ఆ భాషలో, మన పొలం కాగితం ఆ భాషలో, మన రేషన్ నోటీసు ఆ భాషలో. ఇంటర్నెట్‌లో ఒడియా రాత తక్కువగా ఉండడం వల్ల ఏఐ మోడళ్ళకి నేర్పడం కష్టమన్నది నిజమే, కానీ కష్టమైన పని చేయడానికే కదా పోటీ. ఫోటోలో ఆకాశం రంగు మార్చడానికి పెట్టే శ్రద్ధలో కొంచెం ఇటు పెడితే మీలాంటి వాళ్ళు ఎంతమందో పక్కింటి గుమ్మం ఎక్కక్కర్లేదు.

ఇప్పుడు మంచి సంగతి. మీ ఉత్తరంలో మీరే దారి చెప్పారు, మీకు ఒడియా మాట్లాడడం వచ్చని. అంటే మీకు కావలసింది అనువాదం కాదమ్మా, లిపి మార్పు. ఒడియా మాటలనే తెలుగు అక్షరాల్లో రాసిపెడితే మీరే చదివేసుకుంటారు, అర్థం మీకే తెలుస్తుంది. ఇది అనువాదం కన్నా ఎన్నో రెట్లు సులువు. రెండు లిపులూ బ్రాహ్మి నుంచే పుట్టాయి, క నుంచి హ దాకా వరస దాదాపు ఒకటే, కంప్యూటర్లలో ఈ అక్షరాలకి ఇచ్చిన స్థానాలు కూడా ఒకే వరసలో పేర్చారు. ఈ పని చేసే అక్షరముఖ అనే ఉచిత సాధనం ఒకటుంది. వాట్సాప్‌లో ఒడియా మెసేజ్ వస్తే దాన్ని నొక్కి పట్టుకుని కాపీ చేసి, అందులో ఒడియా నుంచి తెలుగు అని ఎంచుకుని అతికించండి, చాలు. ఒక్కటే గుర్తుపెట్టుకోండి, అక్కడ ఘర అని కనపడితే మీరు రోజూ అనే ఘొరొ అదే, అకారాలన్నీ నోట్లో ఒకారంలా పలుకుకుంటూ చదవండి. రెండు రోజుల్లో అలవాటైపోతుంది. పాప బడి టీచర్‌గారిని నోటీసు ఫోటో బదులు అక్షరాలుగానే పంపమని అడగండి, కాదనరు.

కాగితమే ఉంటే పగటి వెలుతురులో, నీడ పడకుండా నిటారుగా ఫోటో తీసి, జెమినిలోనో చాట్‌జీపీటీలోనో పెట్టి ఇలా అడగండి: ఇందులో ఉన్న ఒడియా వాక్యాలని అర్థం మార్చకుండా తెలుగు లిపిలో రాయి, తర్వాత కింద తెలుగులో అర్థం చెప్పు. ఈ రెండు మెట్ల పద్ధతిలో ఎక్కడ తప్పు చదివిందో మీకే దొరుకుతుంది, ఒట్టి అనువాదం అడిగితే తప్పు కూడా చక్కని తెలుగులో వచ్చి మోసం చేస్తుంది.

భూమి కాగితం విషయంలో మాత్రం ఫోన్ మాటని ఆఖరి మాటగా తీసుకోవద్దు. మా పిన్నిగారి ఖతియాన్‌ని, అంటే భూమి హక్కుల పత్రాన్ని, నేనొక అనువాద యాప్‌లో పెట్టి చూశాను. నేల రకం రాసే కిసం అన్న చోట శారద అని ఉంది. శారద అంటే వర్షాకాలంలో నాటి శీతాకాలంలో కోసే వరి పండే నేల అని మన రైతులందరికీ తెలుసు. ఆ యాప్ దాన్ని ఎవరో ఆడమనిషి పేరనుకుని, ఆవిడే భూమి యజమాని అన్నట్టు రాసింది. పిన్ని రాత్రంతా నిద్రపోలేదు, ఈ శారద ఎవరని. ఘరబారి అంటే ఇంటి స్థలం, దాన్ని కూడా ఏదో ఊరి పేరనుకుంది. కాబట్టి ఖాతా నంబరు, ప్లాట్ నంబరు, విస్తీర్ణం, పేర్లు మీరే కాగితంతో సరిచూసుకుని, ప్రభుత్వ భూమి రికార్డులుండే భూలేఖ్ సైటులో ఉన్నదానితో పోల్చుకుని, అనుమానం ఉంటే ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసులో అడగండి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా కనపడేలా ఉంటే ఫోటో పెట్టేముందు వేలో కాగితం ముక్కో అడ్డుపెట్టండి.

అత్తగారి కాగితం సంగతి తేలాక నాకు మళ్ళీ ఒక ముక్క రాయండమ్మా, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: ఆన్ డివైస్ ఏఐ అంటే ఏంటి? 8 జీబీ ర్యామ్ కచ్చితంగా కావాలంటున్నారు, ఎందుకు? మా ఊళ్ళో సిగ్నల్ సరిగ్గా ఉండదు, నెట్ లేకపోయినా పనిచేస్తుందా?
— పాలిటెక్నిక్ విద్యార్థి, రాయగడ

మామూలుగా మనం ఏఐని ఏదైనా అడిగితే ఆ ప్రశ్న ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్ళి జవాబు వస్తుంది. ఆన్ డివైస్ అంటే ఆ పని ఫోన్‌లోనే జరిగిపోతుంది, నెట్ అక్కర్లేదు, మన విషయం బయటికి పోదు. దానికోసం పెద్ద మోడల్‌ని కుదించి చిన్నది చేస్తారు. జెమిని నానో మొదట రెండు సైజుల్లో వచ్చింది, ఒకటి 180 కోట్ల పారామీటర్లు, ఇంకొకటి 325 కోట్లు. ఆపిల్ ఫోన్‌లో పెట్టింది దాదాపు 300 కోట్లది. పారామీటర్ అంటే మోడల్ నేర్చుకున్నదాన్ని దాచుకునే ఒక అంకె అనుకోండి. ఒక్కో అంకెకి 4 బిట్లు, అంటే అర బైట్ ఇచ్చినా 325 కోట్లకి లెక్కేస్తే సుమారు 1.6 జీబీ అవుతుంది. అడిగిన వెంటనే జవాబు రావాలంటే అదంతా ర్యామ్‌లో సిద్ధంగా ఉండాలి, పక్కన వాట్సాప్, కెమెరా, మిగతావన్నీ కూడా నడవాలి. ఆపిల్ ఇంటెలిజెన్స్ ఉన్న ఫోన్లన్నిట్లో కనీసం 8 జీబీ ఉండడానికి కారణం ఇదే.

అయితే కంపెనీలు చెప్పే హార్డ్‌వేర్ కారణాలన్నీ నిజమని నమ్మక్కర్లేదు. 12 జీబీ ఉన్న పిక్సెల్ 8 ప్రోకి నానో ఇచ్చి, 8 జీబీ ఉన్న పిక్సెల్ 8కి హార్డ్‌వేర్ వల్ల కుదరదు అన్నారు 2024 మార్చిలో. జనం గట్టిగా అడిగేసరికి అదే నెలలో మాట మార్చుకుని తర్వాత ఇచ్చారు.

ఒక జాగ్రత్త. తక్కువ ధర ఫోన్ల మీద 8+8 జీబీ అని రాస్తారు. రెండో 8 అసలు ర్యామ్ కాదు, స్టోరేజీలో కొంత తీసి ర్యామ్‌లా వాడడం. దాని వేగం చాలా తక్కువ, ఏఐకి అది లెక్కలోకి రాదు. మొదటి అంకె ఒక్కటే చూడండి. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు పెద్దఎత్తున కొనేస్తున్నాయి కాబట్టి, అందుకని ఫోన్ల ధరలు పెరుగుతున్నాయి, ర్యామ్‌లో కోత పెడుతున్నారు.

మీ ఊరి సిగ్నల్ సంగతికి వస్తే, గూగుల్ అనువాదంలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు భాషలని ముందే డౌన్‌లోడ్ చేసిపెట్టుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తాయి, దానికి ఖరీదైన ఫోన్ అక్కర్లేదు. ఫోన్‌లోని చిన్న మోడళ్ళు తెలుగులో ఇంగ్లీషులో ఉన్నంత బాగా ఉండవు. అవి మాటని ముక్కలుగా కోసుకుని చదువుతాయి. ఇంగ్లీషులో ఒక మాటకి ఒకటో రెండో ముక్కలైతే, చాలా మోడళ్ళలో తెలుగు మాటకి అంతకు కొన్ని రెట్లు అవుతాయి, ముక్కలు పెరిగేకొద్దీ పని నెమ్మదిస్తుంది.

ప్రశ్న: సిమ్ కంపెనీ వాళ్ళు ఏడాది పైన ఏఐ ఫ్రీ అంటున్నారు. తీసుకోవచ్చా? తర్వాత డబ్బు కట్ అవుతుందా అని టెన్షన్.
— పడవ నడిపే ఒక పాఠకుడు, గోపాలపురం

ఆ ఆఫర్ ఇంకా ఉంటే తీసుకోవచ్చు. 2025 జులైలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకి 17 వేల విలువైన పర్‌ప్లెక్సిటీ ప్రో అనే ఏఐ ఏడాది పాటు ఉచితం అంది. అక్టోబర్ చివరిలో జియో, గూగుల్ కలిసి 35,100 రూపాయల విలువ చెప్పి జెమిని ప్రో 18 నెలలు ఇస్తామన్నాయి. నవంబర్ 4 నుంచి నెలకి 399 రూపాయల చాట్‌జీపీటీ గో కూడా ఏడాది ఉచితమైంది. మనకి అలవాటు చేయడానికే ఈ పోటీ అంతా. తీసుకునేటప్పుడు కార్డో యూపీఐ ఆటోపేయో అడిగితే, ఒప్పుకున్న రోజునే క్యాలెండర్‌లో గడువుకి వారం ముందు తేదీ రాసిపెట్టుకోండి. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళితే మీరు ఒప్పుకున్నవన్నీ కనపడతాయి, అక్కడే రద్దు చేసుకోవచ్చు. ఎంత విలువైందని చెప్పినా, మీకు వేటకి వెళ్ళేముందు గాలి, అలల హెచ్చరిక కావాలంటే మాత్రం ఏఐని అడగొద్దు, వాతావరణ శాఖ ఇచ్చేదే చూడండి. అది ప్రాణాల సంగతి.

ప్రశ్న: సూరత్‌లో మగ్గాల పనికి వెళ్ళిన మా మనవడి గొంతుతో ఫోన్ వచ్చింది. యాక్సిడెంట్ అయిందని, వెంటనే 40 వేలు పంపమని ఏడ్చాడు. పంపబోతుంటే మా కోడలు ఆపి వాడికి ఫోన్ చేసింది, వాడు పనిలోనే ఉన్నాడు. గొంతు అచ్చం వాడిదే. ఇది ఎలా సాధ్యం?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఛత్రపురం

మాస్టారూ, మీ కోడలు చేసింది చాలా మంచి పని. ఇప్పుడు మనిషి మాట్లాడింది కొన్ని సెకన్లు దొరికితే చాలు, ఆ గొంతుతో ఏ మాటైనా అనిపించే సాధనాలు వచ్చేశాయి. మీ మనవడు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఒక చిన్న వీడియో సరిపోతుంది. ఇలాంటి మోసపు కాల్‌ని వింటూనే పసిగట్టే సౌకర్యాన్ని గూగుల్ 2024 నవంబర్‌లో పిక్సెల్ ఫోన్లలో అమెరికాలో, ఇంగ్లీషు కాల్స్‌కి మొదలుపెట్టింది. తెలుగులో ఏడ్చే గొంతుని పట్టుకోవాలంటే మన ఇంట్లో మనుషులే కావాలి.

ఇంట్లో అందరూ ఒక మాట అనుకోండి, బయటివాళ్ళకి తెలియనిది, డబ్బు అడిగినప్పుడు చెప్పాల్సినది. మీ ఇంట్లో ఆవుకో కుక్కకో పెట్టిన పాత పేరు ఏదైనా పర్వాలేదు. అలాంటి కాల్ వస్తే పెట్టేసి, మీ దగ్గరున్న పాత నంబరుకి మీరే చేయండి. వాడు ఎత్తకపోతే పక్క గదిలో ఉండే మన ఊరి కుర్రాళ్ళ నంబరు ఒకటి రాసిపెట్టుకోండి, గంజాం నుంచి సూరత్ వెళ్ళినవాళ్ళు ఒంటరిగా ఉండరు కదా. పొరపాటున డబ్బు పంపేస్తే సిగ్గుపడుతూ కూర్చోవద్దు, ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. మీకొచ్చిన ఆ నంబరు మీద కూడా ఫిర్యాదు ఇవ్వండి, మీ డబ్బు పోకపోయినా.

ప్రశ్న: నేను గుణుపురం దగ్గర కొండ ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తని. ముసలివాళ్ళకి సవర తప్ప ఇంకోటి రాదు. మందు ఎలా వేసుకోవాలో సవరలో చెప్పే ఫోన్ ఏదైనా ఉందా?
— ఒక పాఠకురాలు, రాయగడ జిల్లా

లేదమ్మా. 2024 జూన్‌లో గూగుల్ అనువాదంలో ఒకేసారి 110 భాషలు చేర్చినప్పుడు సంతాలీ వచ్చింది, సవర రాలేదు. మన గిరిజన మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబర్ 1న ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది. సంతాలీ, భిలీ, ముండారి, గోండి భాషలతో మొదలైంది, తర్వాత కుయి, గారో అన్నారు. కుయి వస్తే మీ జిల్లాలో కొంధ ఊళ్ళకి వెళ్ళే మీ తోటివాళ్ళకి పనికొస్తుంది, చెప్పి ఉంచండి.

సవరకి లిపి కూడా ఉంది. మాంగే గొమాంగో 1936లో తయారుచేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి, 2012 నుంచి యూనికోడ్‌లో ఉంది. అంటే ఫోన్ ఆ అక్షరాలని చూపించగలదు, మాటలే నేర్చుకోలేదు. మీరు తిరిగే కొండలకి ఎంతో దూరం లేని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు బడిలో చదువు చెబుతూ సవర నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఒక్క మనిషి, జ్వరాలతో, చెవుడుతో బాధపడుతూ చేసిన పని అది. ఇన్ని వేల కోట్లు పెట్టి పోటీపడే కంపెనీలు ఇంకా అక్కడిదాకా రాలేదంటే నాకు మనసుకి కష్టంగా ఉంటుంది.

మీకు ఇప్పుడు పనికొచ్చేది చెబుతాను. ఆ ఊళ్ళో సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, తరచుగా చెప్పాల్సినవి మీ ఫోన్‌లోని వాయిస్ రికార్డర్‌లో ఆమె గొంతుతో రికార్డు చేయించండి. పొద్దున్న ఒకటి రాత్రి ఒకటి, అన్నం తిన్నాక, ఈ మాత్ర గర్భిణీలు వేసుకోకూడదు, మూడు రోజులకి తగ్గకపోతే ఆసుపత్రికి రండి, ఇలా ఒక్కో మాటకి ఒక్కో ఫైలు, ఫైలు పేరు తెలుగులో పెట్టుకోండి. మందు పేరు, మోతాదు మీ డాక్టరుగారికి ఒకసారి వినిపించి ఒప్పించుకోండి. నెట్ అక్కర్లేదు, ఏ ఫోన్‌లోనైనా నడుస్తుంది. విన్న ముసలామెని మళ్ళీ తన మాటల్లో చెప్పమనండి, ఆ అమ్మాయి విని సరిగ్గా అర్థమైందో లేదో మీకు తెలుగులో చెబుతుంది.